రాయి చెక్కించే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్లో చెప్పింది విన్నాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శ్రీలంక యుద్ధంలో పోయిన మా దళం లాన్స్ నాయక్ పేరు మీద ఊళ్లో రాయి నిలబెట్టాలని కుర్రాళ్లంతా అనుకున్నారంటే ఎంత సంతోషంగా ఉందో! ఫోన్లో మాట్లాడితే గొంతు పట్టేస్తోంది. అందుకే రాస్తున్నాను.

సర్పంచి దగ్గరికి తర్వాత వెళ్దువుగాని, ముందు వాళ్లావిడ దగ్గరికి వెళ్లు. ఒక్కడివే వెళ్లు. కార్గిల్ అప్పుడు చూశావు కదా, జెండా కప్పిన పెట్టె ఊరికొచ్చింది, జనమంతా కదిలారు. 1987లో అలా లేదు. వాణ్ని జాఫ్నా దగ్గరే దహనం చేశాం. ఆ వదినకి టెలిగ్రాం, ఆ తర్వాత చిన్న ట్రంకు పెట్టె వచ్చాయి, అంతే. మొగుడి కోసం ఒక పువ్వు పెట్టడానికి ఆవిడకి ఇన్నేళ్లూ చోటు లేదు. కాబట్టి ఆ రాయి మీ కమిటీది కాదు, ఆవిడది. ఎక్కడ పెట్టాలో, ఫొటో చెక్కించాలో వద్దో ఆవిడే చెప్పాలి. వద్దంటే మానేయండి.

తర్వాత పేరు. దీని దగ్గర తొందరపడొద్దు. మిలిటరీ రికార్డులో ఉండే పేరు, ఊళ్లో పిలిచే పేరు చాలామందికి ఒకటి కాదు. భర్తీ రోజున గుమాస్తా ఎలా రాసుకుంటే అదే పేరు. ఇక్కడ వెంకటేశ్వర్లు, అక్కడ వెంకటేశ్వర్ రావు. ఇంటిపేరు ఒక్కోసారి తండ్రి పేరైపోతుంది. పక్క మండలంలో ఇలాంటి రాయి ఆవిష్కరణకి నన్నూ పిలిచారు. గుడ్డ తీశాక ఆ కుర్రాడి తల్లి దగ్గరికొచ్చి, చదువు రాకపోయినా, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ఇది ఏంటి, ఇది ఏంటి అని మనవరాలిని అడిగింది. ఇంటిపేరు దగ్గర మనవరాలు ఆగిపోయింది. అది వాళ్ల ఇంటిపేరు కాదు. ఆ తల్లి ఏమీ అనలేదు, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి నేను మర్చిపోలేను.

అందుకని వదిన పెన్షన్ కాగితాలు తీసుకుని జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయానికి వెళ్లు. సర్వీస్ నంబరు, ర్యాంకు, యూనిట్, చనిపోయిన తేదీ అక్కడ సరిచూసుకో. తేలకపోతే బెంగుళూరులో మా మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం రాయి, నంబరు వేస్తేనే పని అవుతుంది. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగచక్రం గోడల మీద 25 వేలకు పైగా పేర్లున్నాయి. శ్రీలంకలో పోయినవాళ్లవీ ఉన్నాయి. అక్కడ ఎలా రాశారో కూడా చూడు. రాయి మీద రికార్డు పేరూ, ఇంట్లో పిలిచే పేరూ రెండూ పెట్టించు. తేదీ మాత్రం రికార్డుదే వెయ్యి. వదిన టెలిగ్రాం వచ్చిన రోజునే తద్దినం పెడుతోంది, ఆ విషయంలో ఆవిణ్ని సరిదిద్దబోకు.

ఏ యుద్ధమో స్పష్టంగా రాయాలి. ఈమధ్య సైనికుడు అనగానే కార్గిల్ అనో, పాకిస్తాన్ అనో రాసేస్తున్నారు. ఇది అది కాదు. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నారు, మన శాంతిసేన వెళ్లింది. అక్టోబరులో తమిళ టైగర్లతోనే, అంటే ఎల్‌టీటీఈతోనే యుద్ధం మొదలైంది. దాని పేరు ఆపరేషన్ పవన్. మా పని రోడ్ల కింద పాతిన మందుపాతరలు తియ్యడం. వాడు పోయింది ఆ పనిలోనే. శ్రీలంకలో మొత్తం మన సైనికులు సుమారు 1,200 మంది పోయారు. ఆ నవంబరు 25న పోయిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కి పరమవీర చక్ర ఇచ్చారు. 1990 మార్చి 24న చివరి బ్యాచ్ ట్రింకోమలీ నుంచి బయల్దేరింది. తిరిగొచ్చాక మాకు పెద్దగా పలకరింపులు లేవు. ఢిల్లీలో ఆ స్మారకం రాకముందే కొలంబో పక్కన కోట్టేలో శ్రీలంక వాళ్లే నల్లరాతి మీద మనవాళ్ల పేర్లు చెక్కించి పెట్టారు. అందుకే చెబుతున్నాను, ‘ఆపరేషన్ పవన్, శ్రీలంక, 1987’ అని పెద్దక్షరాలతో ఉండాలి. రేపు బడిపిల్లాడు చదివి ఇదేంటని ఎవర్నైనా అడగాలి.

శత్రువులు, సంహారం లాంటి మాటలు మాత్రం వద్దు. నా పక్కన తమిళ కుర్రాళ్లే ఉండేవాళ్లు. అక్కడి ఇళ్లలో ఏడ్చినవాళ్ల భాష కూడా అదే. ఆ వీధులు నేను చూశాను, నా మాట విను.

బస్టాపు దగ్గర వద్దు. అది రోడ్డు మార్జిన్. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది ఆ రాయే. బడి ఆవరణలో, వేపచెట్టుకి కాస్త ఎడంగా పెట్టండి. హెడ్మాస్టరుకి కాగితం ఇచ్చి, అనుమతి కాగితం మీదే తీసుకో. పంచాయతీ తీర్మానం కాపీ దగ్గర ఉంచుకో. పార్టీలు మారినా కాగితం మారదు.

రాయికి చీమకుర్తి గెలాక్సీ బాగుంటుందన్నావు. బంగారు చుక్కలతో నిజంగానే అందంగా ఉంటుంది, కానీ ఎండలో ఆ మెరుపులకి చిన్న అక్షరాలు చదవలేం. మామూలు నల్లరాయి చాలు. అక్షరాలు లోతుగా చెక్కించు. పైపైన గీసి రంగు వేస్తే రెండు వేసవులకి పోతుంది. చెక్కే ముందు కాగితం మీద అసలు సైజులో రాయించి, వదినకీ వాళ్ల అబ్బాయికీ చదివి వినిపించు, ఫొటో తీసి నాకూ పంపు. చందా ఇచ్చినవాళ్ల పేర్లు, ప్రారంభించిన నాయకుడి పేరు ఆ రాయి మీద వద్దు. అంతగా కావాలంటే గోడకి వేరే చిన్న పలక పెట్టుకోండి. ఎవరైనా అలిగితే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

రాయి మీది గుడ్డ వదిన చేతే తీయించండి. మైకులు, ఉపన్యాసాలు తగ్గించండి, ఆవిడ ఎక్కువసేపు నిలబడలేదు. నీడలో ఒక కుర్చీ వెయ్యి. నేను ముందురోజే వస్తాను. వాడి ట్రంకు పెట్టె తాళంచెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అది కూడా తెస్తాను.

మీ మావయ్య