మీ ఫోటోలోని రాతి ఫలకం మీద చెక్కిన ఏడాది 1832నా, 1882నా అని అడిగారు కదా.

మూడో అంకె ఒకసారి 3లా, ఒకసారి 8లా కనిపించడానికి కారణం రాయి అరగడం కాదు, మీరు ఫ్లాష్ ఎదురుగా కొట్టడం. ఎదురు వెలుగులో గాట్ల నీడలు పోతాయి.

1. గది చీకటి చేయండి.
2. టార్చ్‌ని రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. ఇక్కడే చాలామంది ఒక వైపు నుంచి చూసి ఆపేస్తారు, కానీ వెలుగు వచ్చే దిక్కుకు సమాంతరంగా ఉన్న గీతలకు నీడ పడదు కాబట్టి అవి అసలు కనబడవు. కెమెరా కదపకుండా ఎడమ, కుడి, పైన, కింద నుంచి నాలుగు ఫోటోలు తీయండి.
3. అంకెకు ఎడమ వైపు గాటు ఉందా లేదా చూడండి. లేకపోతే 3.

"గ్రే" పేరు చదవగలిగానన్నారు కదా, నేనైతే 1832కే ఓటేస్తా. ఆ ఏడాది జూన్ 7న రాజామోదం పొందిన, ఓటు హక్కు పెంచిన బ్రిటన్ సంస్కరణ చట్టాన్ని తెచ్చింది ప్రధాని ఎర్ల్ గ్రే ప్రభుత్వమే, పైగా ఆయన 1845లోనే పోయారు. ఓటు హక్కు పెంచిన తర్వాతి పెద్ద చట్టాలు 1867, 1884లవి, 1882వి కావు.

అక్షరాల్లో సుద్ద రుద్దకండి. వెనిగర్ అసలు వద్దు, సున్నపురాయి అయితే ఆ ఉన్న గాటు కూడా కరిగిపోతుంది.