చెమట పడితే మొటిమలు.. జిమ్ మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 23 ఏళ్లు. ఆరు నెలలుగా జిమ్‌కు వెళ్తున్నాను. పనికి కూడా బైక్ మీదే వెళ్లొస్తాను. అప్పటి నుంచీ నుదుటి మీద, గడ్డం కింద, వీపు పైభాగంలో మొటిమలు వస్తున్నాయి. నాకు చెమట ఎక్కువ. పట్టినప్పుడల్లా సబ్బుతో ముఖం కడుగుతున్నాను, రోజుకు ఐదారుసార్లయినా అవుతుంది. అయినా తగ్గట్లేదు. పైగా ముఖం మంటగా ఉంటోంది. జిమ్ మానేయమంటారా?

జవాబు: జిమ్ మానాల్సిన పనే లేదు. మానాల్సింది రోజుకు ఐదారుసార్లు సబ్బు రుద్దడం.

చెమటలో చాలా వరకు ఉండేది నీరు, కొంచెం ఉప్పు. అదొక్కటే మొటిమను పుట్టించదు. మొటిమ మొదలయ్యేది వెంట్రుక కుదురులో. అక్కడి గ్రంథి నుంచి వచ్చే జిడ్డు, రాలిపోవాల్సిన చర్మకణాలు కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల చిక్కుకున్న జిడ్డులో క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా పెరిగి ఎరుపు, వాపు, చీము వస్తాయి. మరి చెమట పాత్ర ఏమిటంటే, అది ఆరకుండా నిలిచిపోయినప్పుడు చాలాసేపు నీళ్లలో ఉంచిన వేళ్లలా చర్మం పైపొర నానిపోతుంది. అలా నానిన చర్మాన్ని ఏదైనా అదే పనిగా ఒరుసుకుంటే, అప్పటికే సగం మూసుకుపోయిన రంధ్రాలు వాచిపోతాయి. దీన్ని యాక్నే మెకానికా అంటాం.

మీకు మొటిమలు వచ్చిన చోట్లే చూడండి. నుదుటికి హెల్మెట్ ప్యాడ్ ఆనుతుంది. గడ్డం కింద పట్టీ ఉంటుంది. వీపు పైభాగం జిమ్ బెంచీకి, బిగుతు టీషర్టుకి, బ్యాగు పట్టీలకి ఒరుసుకుంటుంది. అందుకే మీరు ఏ ఫేస్‌వాష్ వాడుతున్నారన్న దానికంటే ముందు హెల్మెట్ గురించి అడగాలనిపిస్తోంది. దాన్ని ఒకసారి తిరగేసి, నుదుటికి తగిలే భాగాన్ని వేలితో నొక్కండి. గట్టిపడి, జిడ్డుగా తగిలితే రోజూ మీ నుదుటికి రాసుకుంటున్నది ఆ జిడ్డే. చాలా హెల్మెట్లలో ఆ ప్యాడ్ ఊడి వస్తుంది. వారానికోసారి ఉతికి, పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి. లోపల పల్చటి కాటన్ గుడ్డ కట్టుకుని, దాన్ని రోజూ మార్చండి. పట్టీని తడిగుడ్డతో తుడవండి. అంతేగానీ మొటిమల కోసమని పట్టీ వదులు చేయొద్దు, అది మీ ప్రాణానికి రక్షణ.

జిమ్‌లో రెండు టవళ్లు పెట్టుకోండి. ఒకటి బెంచీ మీద పరచడానికి, ఇంకొకటి ముఖానికి. బెంచీది ముఖానికి తగలకూడదు. ముఖాన్ని రుద్దకుండా టవల్‌తో మెల్లగా అద్దండి. వ్యాయామం అయ్యాక తడి టీషర్టుతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవద్దు. వెంటనే స్నానం కుదరకపోతే కనీసం ఒళ్లు తుడుచుకుని బట్టలు మార్చుకోండి. స్నానంలో ముందు తలస్నానం కానిచ్చి, వీపు చివర్లో కడుక్కోండి. షాంపూ, కండిషనర్ జిడ్డు వీపు మీద మిగిలిపోవడం కూడా మొటిమలకు ఒక కారణమే.

ముఖం కడగడం ఉదయం, రాత్రి, బాగా చెమట పట్టిన తర్వాత ఒకసారి, అంతే చాలు. ఘాటు సబ్బు కాకుండా మైల్డ్ క్లెన్సర్‌తో, గోరువెచ్చటి నీళ్లతో, వేళ్లతోనే. స్క్రబ్‌లు వద్దు. మధ్యలో చెమట పడితే అద్దుకోండి, లేదా ఉత్త నీళ్లతో కడుక్కోండి. మీ ముఖం మండుతోందంటే సబ్బు చర్మపు రక్షణ పొరను దెబ్బతీసిందని అర్థం. ఈ స్థితిలో మొటిమల మందు రాస్తే తట్టుకోలేరు. కాబట్టి ఒకటి రెండు వారాలు క్లెన్సర్, ఆయిల్ ఫ్రీ మాయిశ్చరైజర్ మాత్రమే వాడి, మంట పోయాక మందు మొదలుపెట్టండి.

ముఖానికి 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ సరిపోతుంది. శాతం ఎక్కువైతే గుణం కంటే మంటే ఎక్కువ. వీపుకి ఇదే మందు వాష్ రూపంలో దొరుకుతుంది, రాసి రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగేయాలి. ఇది తగిలిన టవళ్లు, బట్టలు రంగు వెలిసిపోతాయి, తెల్లవి వాడుకోండి. రాత్రిపూట 0.1 శాతం అడాపలీన్ జెల్ శనగగింజంత తీసుకుని, మొటిమ మీద చుక్కలా కాకుండా ఆ భాగమంతా పల్చగా రాయాలి. మొదట్లో కాస్త పొట్టు రేగుతుంది, అప్పుడు రోజు విడిచి రోజు రాయండి. ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది మూడో వారంలోనే విసిగి మానేస్తారు, అక్కడే నష్టపోతారు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు అడాపలీన్ వాడకూడదు.

ఇంకో విషయం. మీ పొక్కులన్నీ ఒకే సైజులో ఉండి, చెమట పట్టగానే దురద పెడుతున్నాయా? అలాగైతే అవి మొటిమలు కాకపోవచ్చు. చర్మం మీద ఉండే మలసీజియా అనే ఫంగస్ వెంట్రుక కుదుళ్లలో పెరిగితే నుదురు, ఛాతీ, వీపు మీద అచ్చం ఇలాగే వస్తాయి. దానికి యాంటీబయాటిక్ వేసుకుంటే తగ్గకపోగా పెరుగుతాయి. యాంటీఫంగల్ మందు కావాలి.

ఎవరో చెప్పారని స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం రాయకండి. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, తర్వాత వాటి వల్లే కొత్త మొటిమలు వస్తాయి. కండల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మాత్రలతోనూ ఛాతీ, వీపు నిండా మొటిమలు వస్తాయి. పాల నుంచి తీసే వే ప్రొటీన్ పౌడర్‌తో కూడా కొందరిలో పెరుగుతాయి. అలాంటివేమైనా జిమ్‌లో చేరాక మొదలుపెట్టి ఉంటే దాచకుండా చెప్పండి.

నొప్పితో గట్టి గడ్డలు వస్తున్నా, గుంటల్లా మచ్చలు పడుతున్నా మూడు నెలలు ఆగొద్దు, వెంటనే డెర్మటాలజిస్ట్‌కు చూపించండి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన క్రీములు, తాగుతున్న పౌడర్ల డబ్బాలు వెంట తీసుకెళ్లండి. సగం కారణం వాటి లేబుళ్ల మీదే దొరుకుతుంది.