పాత నెలల పెన్షన్ వస్తుందా, రాదా? – మీ ప్రశ్న, మా జవాబు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో వికలాంగుల పెన్షన్ బకాయిల గురించే ఎక్కువ ఉన్నాయి. మూడు తీసుకున్నాం. మొదటిది పెద్దది కాబట్టి జవాబు కూడా పెద్దదే.

ప్రశ్న: సార్ నమస్తే. మా నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఆయన పోయాక అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వచ్చేది. అమ్మ 2022 ఆగస్టు 14న పోయింది. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి బుద్ధిమాంద్యం, సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం అని ఉంది, పెళ్లి లేదు, నా దగ్గరే ఉంటాడు. వాడికి కూడా పెన్షన్ వస్తుందని మాకు మొన్నటిదాకా తెలీదు. ఇప్పుడు పెడదామనుకుంటే, మా కాలనీలో రిటైరైన బాబాయిగారు ఒకాయన అప్లికేషన్ పెట్టిన నెల నుంచే ఇస్తారమ్మా, అంతకుముందువి పోయినట్టే అంటున్నారు. నిజమేనా? వాడు సంతకం కూడా పెట్టలేడు, ఎవరి పేరున పెట్టాలి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పోలేదమ్మా, ఎక్కడికీ పోలేదు. బాబాయిగారు మంచికే చెప్పుంటారు గానీ ఆయన చెప్పింది కొత్తగా శాంక్షన్ చేసే సంక్షేమ పెన్షన్లకి సరిపోయే మాట. మీ తమ్ముడిది ఫ్యామిలీ పెన్షన్, అది నాన్నగారి సర్వీసు వల్ల వచ్చిన హక్కు. రైల్వే పెన్షన్ రూల్స్ 1993లో 75వ రూలు చూడండి, వైకల్యం వల్ల సంపాదించుకోలేని కొడుక్కి గానీ కూతురికి గానీ 25 ఏళ్లు దాటినా బతికున్నంత కాలం ఇవ్వాలని ఉంటుంది. ఎప్పటి నుంచి అంటే, అంతకుముందు తీసుకుంటున్న మనిషి పోయిన మర్నాటి నుంచి. అంటే మీ తమ్ముడికి 2022 ఆగస్టు 15 నుంచి లెక్క. మీరు ఇవాళ పెట్టినా, వచ్చే ఏడు పెట్టినా ఆ తేదీ మారదు. అలాగని నింపాదిగా ఉండమని కాదు, లేటయ్యేకొద్దీ పాత కాగితాలు దొరకవు.

ఆ కాగితాల దగ్గరే అసలు పేచీ. వైకల్యం అమ్మానాన్న బతికుండగానే ఉందని చూపించాలి. సర్టిఫికెట్ అమ్మ పోయాక తీసుకున్నదైనా పనికొస్తుంది, కాకపోతే జబ్బు అంతకుముందు నుంచే ఉందని ఆఫీసు వాళ్లకి నమ్మకం కుదరాలి. అందుకని ఇంట్లో బీరువా మొత్తం వెతకండి, చిన్నప్పుడు స్పెషల్ స్కూల్లో వేసిన కాగితం, రైల్వే హాస్పిటల్ చీటీలు, నాన్నగారు రిటైరైనప్పుడు ఇచ్చిన కుటుంబ వివరాల ఫారం, పాత సదరం సర్టిఫికెట్, ఏది దొరికితే అది, దేని మీద తేదీ ఉంటే అది బంగారం. నాన్నగారి పీపీఓ (పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చిన ఆర్డరు కాగితం) కూడా ఒకసారి తిప్పి చూడండి, కొన్నిట్లో అమ్మ పేరు కింద వికలాంగుడైన బిడ్డ పేరు కూడా ముందే రాసి ఉంటుంది, అలా ఉంటే సగం పని అయిపోయినట్టే. (అమ్మానాన్న ఇంకా ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇప్పుడే వెళ్లి బిడ్డ పేరు పీపీఓలో ఎక్కించేయండి, తర్వాత ఈ తిప్పలన్నీ ఉండవు.) సర్టిఫికెట్‌లో వైకల్యం పర్మనెంట్ అని ఉంటే ఒక్కసారి ఇస్తే చాలు, టెంపరరీ అని ఉంటే మాత్రం ఐదేళ్లకోసారి మళ్లీ ఇవ్వాలి.

సంతకం సంగతి. మీ తమ్ముడి లాంటివాళ్ల కోసమే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకి వర్తిస్తుంది. దాని కింద జిల్లాకో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, పెద్ద కలెక్టర్‌గారే. మీది ఎన్టీఆర్ జిల్లా కాబట్టి విజయవాడ కలెక్టరేట్‌లోనే పని, వికలాంగుల సంక్షేమ శాఖ వాళ్లని అడిగితే దారి చెప్తారు. మీరు గార్డియన్‌గా అప్లై చేసుకోండి, ఇంకో తోబుట్టువులు ఉంటే వాళ్ల దగ్గర అభ్యంతరం లేదని రాయించుకుని జతచేయండి. ఆ సర్టిఫికెట్ ఫ్యామిలీ పెన్షన్‌కి చెల్లుతుంది, దీనికోసం కోర్టు గుమ్మం ఎక్కక్కర్లేదు. ఎక్కాలని ఎవరైనా అంటే ఫీజు కోసం అంటున్నారేమో చూసుకోండి. అమ్మ గానీ నాన్న గానీ పోకముందే గార్డియన్‌గా మీ పేరు రాసిచ్చి ఉంటే ఇంకా తేలిక.

ఇంకోటి, వాడికి వేరే ఆదాయం ఏమన్నా ఉందా అని అడుగుతారు. 2021 ఫిబ్రవరి 8 నుంచి లెక్క మారింది, మిగతా ఆదాయం అంతా కలిపి నాన్నగారి ఆఖరి జీతంలో 30 శాతం, దాని మీద డీఆర్ (ధరలు పెరిగేకొద్దీ పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం), ఈ రెండూ కలిపినదానికంటే తక్కువ ఉండాలి. అమ్మ పేరున ఉన్న డిపాజిట్ల వడ్డీ ఇప్పుడు వాడి పేరున వస్తుంటే దాచకుండా రాయండి.

ఇక డబ్బు లెక్క. ఇక్కడే చాలామంది మోసపోతారు, మోసం అంటే ఎవరో చేశారని కాదు, బ్యాంకు ఎంత వేస్తే అంతే అనుకుని ఊరుకుంటారు. ఒక లెక్క వేసి చూపిస్తా. నాన్నగారి ఆఖరి బేసిక్ 35,000 అనుకోండి, అందులో 30 శాతం 10,500, అది ఫ్యామిలీ పెన్షన్. (ఎంత తక్కువ జీతమైనా 9,000కి తగ్గదు.) 2022 జులై నుంచి డీఆర్ 38 శాతం, అంటే 3,990, మొత్తం నెలకి 14,490. ఆగస్టులో 15 నుంచి 31 దాకా 17 రోజులే కాబట్టి సుమారు 7,946. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా నిండు నెలలు. 2023 జనవరి నుంచి డీఆర్ 42, నెలకి 14,910. జులై నుంచి 46, అంటే 15,330. 2024 జనవరిలో 50, జులైలో 53, 2025 జనవరిలో 55, జులైలో 58. ఇలా ఆర్నెల్లకోసారి మెట్టు మారుతుంది. బకాయి మొత్తం ఒకే రేటు మీద కట్టేస్తే మీకు తేడా వస్తుంది, అందుకే డబ్బు పడగానే బ్యాంకులో డ్యూ డ్రాన్ స్టేట్‌మెంట్ అడగండి, నెలనెలకీ రావాల్సింది ఎంత, ఇచ్చింది ఎంత అని పక్కపక్కన ఉంటుంది. అడిగితే ఇవ్వాలి.

అమ్మ పోయాక కూడా ఆవిడ అకౌంట్లో రెండు మూడు నెలలు పెన్షన్ పడి ఉంటే ఏటీఎంలో తీయకండి. తీసేసి ఉంటే ఇప్పుడే చెప్పేయండి, బకాయిలో పట్టుకుని మిగతాది ఇస్తారు, దాచితే ఫైలు అక్కడే ఆగుతుంది. బకాయి అంతా ఒకే ఏడాదిలో పడితే పన్ను ఎక్కువ అవుతుందని భయపడొద్దు, ఏ ఏడాది డబ్బుని ఆ ఏడాదికి పంచి లెక్కేసుకునే రిలీఫ్ ఉంది, రిటర్న్ వేసే ముందే దాని ఫారం వేయాలి, ఆడిటర్‌కి ఆ ముక్క గుర్తు చేయండి చాలు.

అప్లికేషన్ ఇచ్చేటప్పుడు నోటిమాటగా వదిలేయకుండా "15-08-2022 నుంచి ఫ్యామిలీ పెన్షన్, బకాయిలతో సహా" అని తేదీ వేసి రాయండి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఫైలు కదలకపోతే రైల్వే వాళ్లు పెన్షన్ అదాలత్ పెడతారు, అందులో వేయొచ్చు.

ప్రశ్న: నాకు దివ్యాంగుల పెన్షన్ 6,000 వస్తుంది. కాలు ఆపరేషన్‌కి చెన్నై వెళ్లి రెండు నెలలు ఉండిపోయాను. ఆ రెండు నెలల డబ్బులు ఇస్తారా? ఇంకోటి, 2024 జులైలో మా అత్తగారికి 7,000 ఇచ్చారు, నాకు 6,000 ఇచ్చారు, నా బకాయి ఏమైంది?
– పాఠకుడు, నల్లపాడు రోడ్డు, గుంటూరు

జవాబు: వస్తాయి. ఇదివరకు నెల దాటితే అంతే సంగతులు, 2024 చివర్లో మార్చారు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మూడూ కలిపి ఇస్తారు, మీకైతే 18,000. మూడో నెల కూడా తప్పారంటే ఊరొదిలి వెళ్లిపోయినట్టు లెక్కేసి ఆపేస్తారు, అప్పుడు మళ్లీ సచివాలయంలో అర్జీ పెట్టుకోవాలి. కాబట్టి ఒకటో తారీఖుకి ఎలాగోలా ఊళ్లో ఉండండి, కర్ర పట్టుకుని వచ్చినా సరే.

అత్తగారి విషయంలో గొడవేం లేదు. వృద్ధాప్య పెన్షన్ 3,000 నుంచి 4,000 చేసి, పెంపు ఏప్రిల్ నుంచి వర్తిస్తుందన్నారు, అందుకని జులై 4,000కి మూడు నెలల తేడా 3,000 కలిపి 7,000. మీది 3,000 నుంచి ఒకేసారి 6,000 చేశారు గానీ జులై నుంచే. రెండింటికీ మొదలయ్యే తేదీ వేరు. మీకు రావాల్సింది ఏమీ మిగల్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో పదేళ్లుగా ఉద్యోగం చేస్తోంది, 2023 మార్చి 10న స్ట్రోక్ వచ్చి పని మానేసింది. అక్కడి సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీకి 2024 అక్టోబర్‌లో పెట్టారు. పాత నెలలవి ఇస్తారా? లాయర్ నాలుగో వంతు తీసుకుంటానంటున్నాడట, న్యాయమేనా?
– ఒక తండ్రి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఇస్తారండీ, కానీ అక్కడ రెండు కత్తెరలు ఉన్నాయి. పని చేయలేని స్థితి మొదలైన తేదీ తర్వాత ఐదు నిండు నెలలకి డబ్బు లేదు. మార్చి 10 అంటే మార్చి నిండు నెల కాదు, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఐదు, సెప్టెంబర్ 2023 నుంచి హక్కు. రెండోది, అప్లికేషన్ పెట్టిన నెల నుంచి వెనక్కి 12 నెలలే చూస్తారు. అక్టోబర్ 2024లో పెట్టారు కాబట్టి అక్టోబర్ 2023 నుంచే. అంటే ఆలస్యం వల్ల ఒక్క నెల పోయింది, అంతే. అయితే స్ట్రోక్ తేదీనే వాళ్లు మొదలుగా ఒప్పుకోవాలి, మీ అమ్మాయి ఆ తర్వాత కొన్నాళ్లు ఇంటి నుంచి పని చేసి జీతం తీసుకుని ఉంటే మొదలైన తేదీని ఆ పని మానేసిన రోజు దాకా జరుపుతారు, అందుకని హాస్పిటల్ రికార్డూ ఆఖరి జీతం స్లిప్పూ పక్కన పెట్టుకోమనండి. లాయర్ అడిగింది అక్కడి పద్ధతే, బకాయిలో 25 శాతం, కానీ మామూలు ఒప్పందంలో దానికీ పరిమితి ఉంది, 2024 నవంబర్ 30 నుంచి అది 9,200 డాలర్లు, రెండిట్లో ఏది తక్కువైతే అదే. గెలిస్తేనే ఫీజు, అది కూడా సోషల్ సెక్యూరిటీ ఆఫీసు వాళ్లే బకాయిలోంచి మినహాయించి లాయర్‌కి పంపుతారు. ముందే అడ్వాన్స్ ఫీజు ఇమ్మంటే మాత్రం సంతకం పెట్టొద్దని ఇవాళ రాత్రికే ఫోన్ చేసి చెప్పండి.