కాజీపేటలో అద్దె ఇంటికి ఫ్రిజ్: సింగిల్ డోరా, డబుల్ డోరా, ఎన్ని స్టార్లు?

తమ్ముడు అడిగింది ఇది: కాజీపేటలో పై అంతస్తు అద్దె ఇల్లు, భార్యాభర్తలు, ఒక పాప, ఊరి నుంచి వచ్చిపోయే అమ్మానాన్న. బడ్జెట్ 30 వేల లోపు. సింగిల్ డోర్ సరిపోతుందా, 5 స్టారే తీసుకోవాలా, స్టెబిలైజర్ కావాలా, పాత ఫ్రిజ్ ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వాలా?

నేను ఉండేది హనుమకొండలో. మా ఇంట్లో డబుల్ డోర్ ఉంది, పరకాల దిక్కు మా అమ్మవాళ్ళ ఊళ్ళో సింగిల్ డోర్ ఉంది, పండక్కి పోయినప్పుడు దాన్ని కడిగే పని కూడా నా మీదే పడుతుంది కాబట్టి రెండింటి సంగతీ తెలుసు. నా మాట ముందే చెప్పేస్తా: 240 నుంచి 260 లీటర్ల మధ్య డబుల్ డోర్, ఫ్రాస్ట్ ఫ్రీ (అంటే మంచు పేరుకోనిది), ఇన్వర్టర్ కంప్రెసర్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే మోటారు) ఉన్నది తీసుకో. స్టార్లు రెండా మూడా అన్నది తర్వాత సంగతి. ఐదు స్టార్ల కోసం ఆగకు.

సింగిల్ డోర్ అంటే దాదాపు అన్నీ డైరెక్ట్ కూల్. ఫ్రీజర్ గోడలే చల్లబడతాయి, తేమంతా అక్కడే గడ్డకడుతుంది. ఎండాకాలంలో తలుపు ఊరికే తీస్తుంటారు కదా, మా అమ్మ ఫ్రిజ్‌లో వారం పది రోజులకే ఐస్ ట్రే కదలనంత మంచు పేరుకుంటుంది, బటన్ నొక్కి కరిగించాలి, కింద గుడ్డలు పరవాలి, ఎవరైనా తొందరపడి చాకుతో గీకారా, లోపలి గొట్టానికి చిల్లుపడి గ్యాస్ పోతుంది. అలా గ్యాస్ పోయిన ఫ్రిజ్‌లు మా వాడకట్టులోనే చూశాను. అయినా ఒక మంచి గుణం చెప్పాలి, డైరెక్ట్ కూల్‌లో కూరగాయలు తొందరగా ఎండిపోవు. కరెంటూ తక్కువ కాలుస్తుంది. ఇద్దరే ఉండి, పాలు, పెరుగు, నాలుగు కూరగాయలు తప్ప ఏమీ పెట్టని ఇంటికి 190 లీటర్ల సింగిల్ డోర్ ఏం తక్కువ కాదు, 10 వేలు మిగులుతాయి కూడా.

ఫ్రాస్ట్ ఫ్రీలో వెనక దాగిన కాయిల్ మీదుగా ఫ్యాను గాలి తిప్పుతుంది, ఆ కాయిల్ మీది మంచును చిన్న హీటరు అప్పుడప్పుడు కరిగిస్తుంది. మనం ఏమీ చేయనక్కర లేదు. కానీ ఆ గాలికి ఆకుకూర ఎండుతుంది. కరివేపాకు, కొత్తిమీర, పుంటికూర తెచ్చి అలాగే అరలో పడేస్తే రెండో రోజుకే కొసలు ముడుచుకుంటాయి. కడిగి, తడి పూర్తిగా ఆరాక, పాత నూలు గుడ్డలో చుట్టి మూత డబ్బాలో పెట్టి కింద కూరగాయల డబ్బాలోకి తోస్తే వారం దాకా బాగుంటుంది.

ఇక సైజు. షాపులో లీటర్లు చెప్తారు, నువ్వు గిన్నెలు చూడు. మనిళ్ళలో ఫ్రిజ్ నింపేది నీళ్ళ సీసాలు కాదు, దోసపిండి గిన్నె, పెరుగు గిన్నె, ఆదివారం మిగిలిన చికెన్ కూర, అల్లంఎల్లిగడ్డ డబ్బా, రంగు పోకుండా దాచిన కారం, నల్లబడకుండా పెట్టిన చింతపండు. ఊరి నుంచి అమ్మ వస్తే సంచి నిండా కూరగాయలు దిగుతాయి, అవి వేరే. కాబట్టి ఇంట్లో అన్నిటికంటే పెద్ద గిన్నె మూతతో సహా టేపుతో కొలుచుకొని పో, షాపులో ఆ ఎత్తుకు అర జరుగుతుందో లేదో నీ చేత్తోనే జరిపి చూడు. కొన్ని మోడళ్ళలో అద్దం అర ఒకే చోట బిగించి ఉంటుంది, ఎన్ని లీటర్లున్నా ఏం లాభం? స్టార్ల లేబుల్ మీద గ్రాస్ వాల్యూమ్ (మొత్తం), స్టోరేజ్ లేదా నెట్ వాల్యూమ్ (సామాను పట్టేంత) అని రెండు అంకెలుంటాయి, మనకు పనికొచ్చేది రెండోది. ఇంటి మెట్ల వెడల్పు, వంటింటి తలుపు వెడల్పు కూడా కొలుచుకో. మా మరిది రెండు తలుపుల పెద్ద సైడ్ బై సైడ్ కొంటే అది మెట్ల మలుపులో ఇరుక్కుని, బాల్కనీ రెయిలింగు విప్పి తాళ్ళతో పైకి లాగారు, వాడకట్టంతా కింద నిలబడి చూసింది.

స్టార్ల గురించి అందరూ టెన్షన్ పడతారు గానీ స్టార్ల కంటే వాటి కింద రాసిన అంకె చూడు, ఏడాదికి ఎన్ని యూనిట్లు అని ఉంటుంది. ఉదాహరణకు 240 అని ఉంటే నెలకు 20 యూనిట్లు. అది ల్యాబులో కొలిచిన లెక్క, మే నెలలో మన పై అంతస్తు వంటింట్లో ఇంకొంచెం ఎక్కువే కాలుతుంది. అయినా ఏసీ, గీజర్ ముందు అది లెక్కలోకి రాదు. ఇప్పుడు 2 స్టార్‌కీ 3 స్టార్‌కీ ఏడాదికి 50 యూనిట్లు తేడా, ధరలో 4 వేలు తేడా అనుకో. మన తెలంగాణ కరెంటు రేట్లలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి పై స్లాబ్ యూనిట్‌కు 4.80 రూపాయలు, అంటే ఏడాదికి మిగిలేది 240 రూపాయలు. ఆ 4 వేలు తిరిగి రావాలంటే 16 ఏళ్ళు దాటుతుంది. 200 దాటే ఇంట్లో 7.70 చొప్పున 385 మిగులుతుంది, అప్పుడు కూడా పదేళ్ళు పడుతుంది. తేడా వెయ్యి, పదిహేను వందలే ఉంటే మాత్రం కళ్ళు మూసుకుని ఎక్కువ స్టార్లది తీసుకో. లేబుల్ మీద ఏ ఏళ్ళకు వర్తిస్తుందో కూడా రాసి ఉంటుంది. నియమాలు మారినప్పుడల్లా లెక్క కఠినం చేస్తారు కాబట్టి పాత 3 స్టార్, కొత్త 3 స్టార్ ఒకటి కావు, గోడౌన్‌లో మిగిలిన పాత స్టాకు ఆఫర్ అని అంటగట్టేటప్పుడు ఇది గుర్తు పెట్టుకో.

ఒక్క చోట మాత్రం ఆ కొన్ని యూనిట్లే గట్టిగా తగులుతాయి. మీకు గృహజ్యోతి (ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) వస్తుంటే 200 లోపు సున్నా బిల్లు, 201 అయిందంటే 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు, ఆ పై యూనిట్‌కు 7.70, ఇంకా ఫిక్స్‌డ్ చార్జీలు. ఏప్రిల్, మే నెలల్లో కూలర్‌తో కలిపి మీ మీటరు 190 దగ్గర తిరుగుతుంటే లేబుల్ అంకె తక్కువున్నదే తీసుకో, ధర లెక్క పక్కన పెట్టు.

స్టార్ల కంటే మన వరంగల్‌కు ముఖ్యమైనది ఇంకోటుంది, సేల్స్‌మన్ దాని ఊసెత్తడు. ఫ్రిజ్ లోపలి గోడ మీదో వెనకో ఉండే చిన్న ప్లేటు మీద క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. N అంటే చుట్టూ 32 డిగ్రీల దాకా, ST అంటే 38 దాకా, T అంటే 43 దాకా సరిగ్గా పనిచేసేలా తయారుచేశారని. మనకు మే నెలలో బయటే 43, 44 కొడుతుంది, స్లాబు కింది వంటింట్లో పొయ్యి వెలిగిస్తే చెప్పేదే లేదు. T లేనిది ముట్టకు.

అది పెట్టే చోటు కూడా అంతే ముఖ్యం. పడమటి ఎండ తగిలే గోడకు, గ్యాస్ పొయ్యి పక్కకు వద్దు. వెనక జానెడు కాకపోయినా బెత్తెడు ఖాళీ ఉండాలి, పైన బట్టల మూటలు పెట్టొద్దు. తాగే నీళ్ళకు రంజన్ (మట్టి కుండ) పెట్టుకోండి, పిల్లలు నీళ్ళ కోసం ఫ్రిజ్ తలుపు తీయడం సగం తగ్గుతుంది, నీళ్ళూ రుచిగా ఉంటాయి. వెనక కంప్రెసర్ మీద ప్లాస్టిక్ ట్రే ఉంటుంది, కరిగిన నీళ్ళు అందులోకి వస్తాయి. వానాకాలంలో ఆ నీళ్ళు ఆవిరి కాకుండా నిలిచిపోతాయి, డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నీళ్ళలోనే. మా దాంట్లో టార్చ్ వేసి చూస్తే పురుగులు మెలికలు తిరుగుతూ కనిపించాయి. వానలు పడుతున్నన్ని రోజులు వారానికోసారి ఆ ట్రే ఒంపి తుడవండి, ఇంట్లో చిన్న పాప ఉంది కదా.

స్టెబిలైజర్ సంగతి. చాలా ఇన్వర్టర్ ఫ్రిజ్‌లకు ఇన్ని వోల్టుల నుంచి ఇన్ని వోల్టుల దాకా స్టెబిలైజర్ అక్కర్లేదని బుక్కులో రాసి ఉంటుంది. కాజీపేటలో ఆ హద్దు సరిపోతుంది, పైసలు దండగ చేయకు. ఊళ్ళో సంగతి వేరు, నాట్ల టైములో మోటార్లన్నీ ఒకేసారి నడుస్తుంటే మా అమ్మవాళ్ళింట్లో బల్బు ఎర్రబడుతుంది, అక్కడ స్టెబిలైజర్ పెట్టాం. ఆ ఫ్రిజ్ మామూలు కంప్రెసర్‌ది, తక్కువ వోల్టేజీలో మోటారు తిరగలేక వేడెక్కి కాలిపోతుంది.

వారంటీ దగ్గర గట్టిగా అడుగు. 10 ఏళ్ళు అని స్టిక్కర్ వేసేది కంప్రెసర్‌కే, మిగతాదంతా సాధారణంగా ఒక్క ఏడాదే. మాది నాలుగో ఏట ఆగిపోతే కంప్రెసర్ బాగానే ఉంది, పోయింది దాన్ని నడిపే బోర్డు. బోర్డుకు వారంటీ లేదు, వచ్చి చూసినందుకు వేరే చార్జీ, పార్ట్ రావడానికి నడి ఎండాకాలంలో వారానికి పైనే పట్టింది, ఆ కంపెనీకి ఫోన్ చేసీ చేసీ నా గొంతు పోయింది. అందుకే బ్రాండ్ ఏదని అడిగితే నేను పేరు చెప్పను. నీ వీధిలో నలుగురిని అడుగు, ఎవరి సర్వీసు మనిషి పిలిస్తే వస్తున్నాడో ఆ కంపెనీది కొను.

ఎక్స్ఛేంజ్ అంటావా, ముందు పాతది ఉందని చెప్పకుండా కొత్తదాని ధర తెంపు, ఆ తర్వాత పాతదాని ధర అడుగు. రెండూ కలిపి మాట్లాడితే ఇటు ఇచ్చినట్టే ఇచ్చి అటు లాగేస్తారు. పాతది చల్లబరుస్తూనే ఉంటే మీ ఊళ్ళో ఎవరికైనా అమ్మినా షాపు వాడిచ్చేదానికంటే ఎక్కువే వస్తుంది. ట్రాలీ ఆటోలో నిలబెట్టే తీసుకుపో, పడుకోబెట్టాల్సి వస్తే దించాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడు స్విచ్ వేయమను.