బాగుచేసుకోగల వస్తువుల డిజైన్‌లో భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. పాడైతే పారేయకుండా బాగుచేసుకుని మళ్లీ వాడుకునే వస్తువులు డిజైన్ చేయాలని ఉంది. సర్క్యులర్ ఎకానమీ (వస్తువులను, వాటిలోని పదార్థాలను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతి) అంటే చెత్త వ్యాపారమే కదా అని నాన్నగారు అంటున్నారు. ఉద్యోగాలు ఉంటాయా? ఏ కోర్సు చేయాలి?
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ నాన్నగారు చూస్తున్నది వస్తువు మూలన పడ్డాక జరిగే పని. మీరు కోరుకుంటున్న పని డ్రాయింగ్ దశలోనే మొదలవుతుంది. మూతను స్క్రూలతో బిగించాలా, జిగురుతో అతికించాలా అన్నది అక్కడే తేలిపోతుంది. అందుకే ఇది మెకానికల్ వాళ్లకు బాగా నప్పే రంగమని నా గట్టి నమ్మకం.

కంపెనీలకూ ఈ అవసరం పెరుగుతోంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే కొత్త ఫోన్ మోడళ్లకు, అమ్మకాలు ఆపేశాక కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. అక్కడే 2027 ఫిబ్రవరి నుంచి చాలా పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలి. మన దేశంలోనూ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ లక్ష్యాల బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి. అయితే ‘సర్క్యులర్ డిజైనర్’ అనే పేరుతో ప్రకటనలు అరుదు. ప్రొడక్ట్ డిజైన్, ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి), ప్యాకేజింగ్ విభాగాల్లో వెతకండి.

ఫీజు కట్టి సస్టెయినబిలిటీ సర్టిఫికెట్ కోర్సులో చేరడం ఇప్పుడే వద్దు. పాత సామాన్ల కొట్టులో ఒక మిక్సీ కొనండి. కరెంటుకు కలపకుండా మొత్తం విప్పండి. ఎన్ని రకాల స్క్రూలున్నాయి, ఏ భాగం విరగ్గొడితే తప్ప రావడం లేదు, ఏ ప్లాస్టిక్ మీద ఏ గుర్తు ఉంది, మోటారులోని రాగి తీగ ఎంత తేలిగ్గా బయటికొస్తోంది, అన్నీ ఫోటోలతో రాసుకోండి. ఏబీఎస్, పాలీప్రొపిలీన్ లాంటి వేర్వేరు ప్లాస్టిక్‌లు కలిపి కరిగిస్తే సరిగ్గా కలవవు, వచ్చే సరుకు బలహీనంగా ఉంటుంది. కాబట్టి రెండు ప్లాస్టిక్‌లను విడదీయలేనట్టు అతికించిన చోటు కనిపిస్తే వదలకండి. ఆ ఒక్క జాయింటునే క్యాడ్‌లో (కంప్యూటర్‌లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌లో) మళ్లీ డిజైన్ చేయండి. ధర ఎంత పెరుగుతుందో, బలం ఎంత తగ్గుతుందో కూడా లెక్కగట్టండి. ఇంటర్వ్యూలో అడిగేది అదే. ఇలాంటివి రెండు మూడు చేస్తే మంచి పోర్ట్‌ఫోలియో అవుతుంది.

పై చదువుకు ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) సరైన దారి. డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ (CEED) ద్వారా ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ బాంబే లాంటి చోట్ల చేరవచ్చు. చివరి ఏడాదిలోనే రాయొచ్చు. అందులో బొమ్మలు గీసి జవాబు చెప్పాల్సిన ప్రశ్నలుంటాయి. మెకానికల్ విద్యార్థులు ఎక్కువగా తడబడేది అక్కడే, కాబట్టి స్కెచింగ్ ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.