చాట పట్టిన అక్క: ఒక యువ రచయిత్రికి లేఖ

బిడ్డా,

నీ కథ అందింది, నిదానంగా చదివాను. జగిత్యాల దగ్గరి పల్లె, దుబాయికి వెళ్లిన నాన్న, వాకిట్లో వరుసగా కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్లు, ఆ కూలి డబ్బులతో చదువుకుని పట్నంలో ఉద్యోగం సంపాదించిన చిన్న కూతురు, చివర్లో ఆ కూతురు తల్లి చేతులు పట్టుకుని ఏడవడం. వాక్యం మీద నీకు పట్టు ఉంది. పత్రికకు పంపితే వేసుకుంటారు కూడా. అయినా ఇప్పుడే పంపవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కథ మధ్యలో ఒక వాక్యం రాశావు: "అక్క ఏడో తరగతితో బడి మానేసి అమ్మతో పాటు చాట పట్టింది." అంటే ఆకూ తంబాకూ ఉన్న చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేయడానికి కూర్చుంది. ఆ తర్వాత అక్క నీకు అన్నం పెడుతూ ఒకసారి, పెళ్లయి వెళ్లిపోతూ ఒకసారి కనిపిస్తుంది, అంతే. నా దృష్టిలో నీ అసలు కథ ఆ ఒక్క వాక్యం దగ్గరే మొదలవుతుంది. అమ్మ మీది ప్రేమ దాన్ని నీకు కనపడకుండా చేసి ఉండవచ్చు. లేదా కనపడినా నువ్వే పక్కకు తప్పుకుని ఉండవచ్చు, ఎందుకంటే అమ్మకు కృతజ్ఞత చెప్పుకోవడం మనందరికీ అలవాటైన పని, అక్క ఎదుట కూర్చుని ఆమె కళ్లలోకి చూడడం మాత్రం ఎవరూ నేర్పని పని.

తల్లుల త్యాగం మీద మనకు కథలకు కొదవ లేదు. వాటిలో చాలావరకు పిల్లల విజయంతో లెక్క సరిచేసి ముగుస్తాయి. తల్లి కడుపు మాడ్చుకుంది, కొడుకు ఇంజనీరయ్యాడు, కనుక ఆమె బతుకు పండింది అంటాయి. కొడుకు పదో తరగతి తప్పి ఊళ్లోనే ఉండిపోతే అదే తల్లి పడిన అదే కష్టం దండగ అయిపోతుందా? నీ కథ కూడా తెలియకుండానే ఆ మాటే అంటోంది: అమ్మ ఇన్నేళ్లు ఒళ్లు వంచి చేసిన పనికి అర్థం నా ఉద్యోగం అని. ఒక మనిషి జీవితానికి అర్థాన్ని మరొకరి నియామక పత్రంలో చూపించడం ఆ మనిషిని గౌరవించడమని నేను అనుకోను. నీకు ఉద్యోగం రాకముందు కూడా ఆమె బతికింది, పని చేసింది, నవ్వింది, పోట్లాడింది. ఆ బతుకు నీ కథలో లేదు.

అమ్మ విషయంలో కనీసం ఇంత అనుకోవచ్చు: ఆమె పెద్ద మనిషి, వీసా కోసం తెచ్చిన అప్పును, దాని వడ్డీని చూసి, వేరే దారి లేదని తెలుసుకుని చాట ఒళ్లో పెట్టుకుంది. అక్క సంగతి అది కాదు. ఇచ్చాను అని ఒకరు చెప్పుకోవాలంటే, ఇవ్వను అనగలిగే వీలు కూడా వారికి ఉండాలి. పన్నెండేళ్ల పిల్లను ఎవరూ అడగలేదు. పెద్దపిల్ల కాబట్టి, చిన్న వేళ్లు దారం చకచకా చుడతాయి కాబట్టి, ఎదురింటి పిల్లా పక్కింటి పిల్లా కూడా అదే చేస్తున్నారు కాబట్టి ఆమె బడి ఒక ఉదయం ఆగిపోయింది. దాన్ని నువ్వు త్యాగమని రాస్తే, తీసుకున్నవాళ్లందరం హాయిగా ఊపిరి పీల్చుకుంటాం. ఇందులో అమ్మను దోషిగా నిలబెట్టమని నేను చెప్పడం లేదు. ఆ ఇంటి లోపల దోషి దొరకడు, వెతికితే కథ పాడవుతుంది కూడా.

ఇక పని గురించి. "అమ్మ రాత్రింబవళ్లు బీడీలు చుట్టింది" అన్న ఒక్క మాటతో దాటేశావు. ఆ వాకిట్లో పుట్టి పెరిగిన నువ్వే అలా దాటేస్తే, ఆ పని గురించి ఇక ఎవరు రాస్తారు? ఏప్రిల్, మే నెలల ఎండలో అడవిలో కోసి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లాల్లో ఎండబెట్టిన తునికాకు (బీడీ ఆకు), గోదాములు దాటి, కార్ఖానా దాటి, కంపెనీకీ మీకూ మధ్య ఉండే టేకేదారు చేతిమీదుగా మీ ఇంటికి వచ్చేసరికి అందులో ఎంత చిరిగి ఉంటుందో, ఎంత పురుగు తిని ఉంటుందో నీ అక్క చేత్తో తడిమి చెప్పగలదు. ఆకును నానబెట్టడం, తడిగుడ్డలో చుట్టి మెత్తబడనివ్వడం, రేకు అచ్చు పెట్టి కత్తిరించడం, ఈనె గీకడం, తంబాకు పోసి చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం, ఇన్ని ఉన్నాయి ఒక్క బీడీలో. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలైతే వెయ్యి, కూలి ఆ వెయ్యి లెక్కన. వెయ్యికి ఇంత ఆకు అని తూచి ఇస్తారు. ఆకు బాగాలేక లెక్క తగ్గితే, తగ్గిన మేరకు ఆకును సొంత డబ్బుతో బయట కొని వెయ్యి పూర్తి చేయాలి. అప్పజెప్పేచోట సన్నగా ఉన్నాయనో, వదులుగా ఉన్నాయనో పక్కకు తీసేసిన బీడీలకు కూలి రాదు. అంటే ఒక పిల్ల తన రోజును కట్టలుగా కొలుచుకుంటూ పెరిగింది. బడి గంట వినిపించే సమయానికి ఎన్నో కట్ట మీద ఉండేదో ఆమెను అడుగు. నువ్వు రాసిన కన్నీళ్లన్నిటికంటే ఆ ఒక్క సంఖ్య ఎక్కువ చెబుతుంది.

కాగితాల సంగతి కూడా నీకు తెలిసి ఉండాలి. బీడీ కార్మికుల కోసం 1966లో ఒక చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. ఆ నిధి నుంచే కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్పులు అందుతూ వచ్చాయి. హైస్కూల్లో నీకు స్కాలర్‌షిప్పు వచ్చిందని కథలో సంతోషంగా రాశావు. అది అమ్మకున్న బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు చూపించి తెచ్చుకున్నది. ఆ కార్డు కింద లెక్కకెక్కిన బీడీల్లో అక్క చేసినవి ఎన్నో ఎప్పుడైనా ఆలోచించావా? పీఎఫ్ పడింది అమ్మ పేరున. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు మొదలైన జీవనభృతి, మొదట నెలకు వెయ్యి రూపాయలు, 2019లో 2016 రూపాయలు అయినది, పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్ల కోసమే. కార్డు లేని పిల్ల చేసిన పనికి ఏ పుస్తకంలోనూ పద్దు లేదు. 1986 నాటి బాల కార్మిక చట్టం బీడీల తయారీని పిల్లల చేత చేయించకూడని పనుల్లో చేర్చింది, కానీ కుటుంబంతో కలిసి ఇంట్లో చేసుకునే పనికి మినహాయింపు ఇచ్చింది. మన వైపు బీడీలు తయారయ్యేది ఇళ్లలోనే కదా! చట్టం మీ గడప దాకా వచ్చి అక్కడే ఆగింది. 2016లో దాన్ని సవరించే నాటికి మీ అక్కకు పెళ్లయి, పిల్లలు పుట్టి ఉంటారు.

ఇవన్నీ కథలో పెట్టమని కాదు సుమా. చట్టాల సంవత్సరాలు వల్లించే కథ చదవడానికి నాకే ఓపిక ఉండదు. ఇవి తెలిసిన చేతి నుంచి వచ్చే వాక్యం వేరుగా ఉంటుంది. "అమ్మ కార్డు తీసుకుని నేను స్కాలర్‌షిప్పు దరఖాస్తు పెట్టడానికి వెళ్లిన రోజు అక్క ఆకు కత్తిరిస్తూ ఉంది" అని మామూలుగా రాసినా చాలు, మిగతాది చదివేవాళ్లు చూసుకుంటారు.

ఇంతవరకు చెప్పింది విని నువ్వు రెండో పొరపాటు వైపు వెళ్లవచ్చు. అక్కను నిలువెల్లా దుఃఖంతో నింపేసి, ఏమీ మిగలని మనిషిగా చూపించాలనిపిస్తుంది. అది కూడా ఆమెను చూడకపోవడమే. మన ఆడవాళ్లు పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర పాట గుర్తు చేసుకో. వాల్మీకి దాదాపు వదిలేసిన ఆ మనిషిని, పద్నాలుగేళ్లు నిద్రలో గడిపిన ఆ చెల్లెలిని, పాట కట్టిన స్త్రీలు దేవతను చేసి హారతులు పట్టలేదు. వనవాసం ముగిసి లక్ష్మణుడు వచ్చి నిద్ర లేపితే, ఆమె అతన్ని గుర్తుపట్టక, పరాయి మగవాడు వచ్చాడనుకుని మండిపడుతుంది, నా తండ్రికి తెలిస్తే నీ గతేమవుతుందని బెదిరిస్తుంది. ఆ నిద్ర వల్ల లోకానికి ఏ మేలు జరిగిందన్నది వాళ్లకు పట్టలేదు, ఆమె నోటి నుంచి మొదట వచ్చే మాట ఏమిటన్నదే కావలసి వచ్చింది. నీ అక్క నోటి నుంచి మొదట ఏ మాట వస్తుందో నీకు తెలుసా?

నీ కథలోనే దానికి ఒక ఆధారం ఉంది. అక్క కట్టలను ఎవరూ పక్కన పెట్టేవాళ్లు కాదని, వాకిట్లో మిగతా ఆడవాళ్లు దారం కట్టడం ఆమె దగ్గర చూసి నేర్చుకునేవాళ్లని యథాలాపంగా రాశావు. పోయిన బడి పోయిందే, దాన్ని ఏదీ పూడ్చదు. అయినా ఆ పనిలో తన చేయి తనకు తెలిసింది, నలుగురు ఆడవాళ్ల మాటల మధ్య తనకొక చోటు ఏర్పడింది. ఈ రెండూ ఒకే మనిషిలో పక్కపక్కన ఉంటాయి. ఒకదాన్ని మరొకదానితో సరిపెట్టకుండా రాయడమే నీకు పరీక్ష. పైగా ఆమె చేసింది బీడీ. తంబాకు ధూళికి దగ్గు, వంగి కూర్చున్నందుకు నడుము నొప్పి ఆమెకు మిగిలాయి, దాన్ని తాగిన వాళ్లకు ఏం మిగిలిందో 2016 నుంచి ప్యాకెట్టు మీద 85 శాతం మేర అచ్చవుతున్న హెచ్చరిక బొమ్మ చెబుతోంది. తన చేతి నేర్పు అలాంటి వస్తువు మీద ఖర్చయిందని తెలిసిన మనిషి తన పని గురించి ఏమనుకుంటుందో ఊహించి రాయకు, వెళ్లి విను. పెళ్లయ్యాక తన పేరున కార్డు వచ్చిందా, అత్తవారు సంబంధం చూడడానికి వచ్చినప్పుడు బీడీలు చేయడం వచ్చా అని అడిగారా, ఇప్పుడు తన కూతురు చాట ముట్టుకుంటే ఏమంటుంది, ఇలాంటివి అడుగు. "నీకు బాధగా లేదా అక్కా" అని మాత్రం అడగవద్దు. నిన్ను ఓదార్చవలసిన పని మళ్లీ ఆమె మీదే పడుతుంది.

ఆమె చెప్పేదాంట్లో నీ ప్రస్తావన లేకపోవచ్చు కూడా. తన జీవితంలో గర్వపడేది ఏమిటంటే నీ చదువు కాకుండా, తను కట్టించుకున్న రెండు గదుల ఇల్లు అనవచ్చు, మరదలికి నేర్పిన పని అనవచ్చు. అప్పుడు మనసు కొంచెం నొచ్చుకుంటుంది. నొచ్చుకున్నా అలాగే రాయి. చివర్లో నువ్వు ఏడ్చే పేరా తీసెయ్యి, ఆ కన్నీళ్లు అక్కడ ఆమె స్థలాన్ని ఆక్రమిస్తున్నాయి. ఇంకొక చిన్న మాట: నీ కథలో అమ్మ ఊరి మాట మాట్లాడుతుంది, అక్క మాత్రం వాచకం చదివినట్టు మాట్లాడుతుంది. ఏడో తరగతిలో వాచకం మూసేసిన మనిషి నోట ఆ భాష పెట్టకు.

రాశాక ముందు ఆమెకు చదివి వినిపించు. తీసెయ్యమన్నది తీసెయ్యి. ఊరు మార్చమంటే మార్చు. అసలు వద్దంటే ఆ కథను పెట్టెలో ఉంచి వేరేది రాసుకో, కథలకు కరువు లేదు. ఆమె ఒప్పుకుంటే అప్పుడు పత్రిక సంగతి మాట్లాడుకుందాం. దసరాకు ఊరికి వెళ్తున్నానన్నావు కదా, అక్క కూడా పండక్కి పుట్టింటికి వస్తుందేమో కనుక్కో. తిరిగి వచ్చాక కొత్త ప్రతిని టైపు చేయించి పంపు, అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేలా చూడు, నా కళ్లజోడు మార్చాల్సి ఉంది.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ వంటి పాఠకురాలు