నానోట్యూబుల షీటు తరంగాన్ని తిప్పికొడుతుంటే: ముందు పాళ్లు తగ్గించు

తమ్ముడూ, గుంటూరు కాలేజీ ల్యాబ్‌లో సిలికాన్ రబ్బరులో 10 శాతం కార్బన్ నానోట్యూబులు (కరెంటును పంపే అతి సన్నని కార్బన్ గొట్టాలు) కలిపి 1 మి.మీ. షీటు పోస్తే, అది పీల్చుకోవాల్సిన 10 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తరంగం లోపలికి పోకుండా తిరిగొస్తోందన్నావు. ట్యూబులు ఎక్కువైతే షీటు లోహపు రేకులా తయారవుతుంది, మరి తిప్పికొట్టక ఏం చేస్తుంది! 1, 2, 3 శాతాలతో చిన్న ముక్కలు పోసి చూడు.

మందమూ చాలదు. గాలిలో ఆ తరంగదైర్ఘ్యం 30 మి.మీ. షీటు పర్మిటివిటీ (లోపల తరంగం ఎంత కుదించుకుపోతుందో చెప్పే అంకె) 9 అనుకుంటే, దాని వర్గమూలం 3తో భాగిస్తే లోపల 10 మి.మీ., అందులో నాలుగో వంతు 2.5 మి.మీ. మందం కావాలి. పాళ్లు మారితే పర్మిటివిటీ మారుతుంది, మళ్లీ కొలిచి లెక్కేసుకో. వెనక అల్యూమినియం రేకు తప్పనిసరి, దాని మీంచి తిరిగొచ్చే తరంగమే షీటు ముందు నుంచి తిరిగొచ్చేదాన్ని రద్దు చేయాలి. ముక్క ఆటోనగర్‌లో దొరుకుతుంది.

కలిపిన ముద్దను గాజు పలక మీద పల్చగా రాసి లైటుకి పట్టు. నల్ల గడ్డలు కనిపిస్తే ఇంకా కలపాలి. పొడి తూచేటప్పుడు ఫ్యాను ఆపెయ్, మంచి మాస్కు పెట్టుకో.